చార్టు వెనకవైపు

బాయిలరు అడుగు వాల్వును రెండు చేతులతో పట్టుకుని సగం చుట్టు తిప్పాడు. నేల కింది గొట్టంలో మురికినీళ్ళు ఒక్కసారిగా హోరుమంటూ పోయాయి. కిటికీ అద్దం, బల్ల మీది టీ గ్లాసు, మేకుకు వేలాడే తాళాల గుత్తి అన్నీ కలిసి చిన్నగా మోగాయి. మనసులో పది దాకా లెక్కపెట్టి వాల్వు మూసేశాడు. గది మళ్ళీ తన మామూలు రొదలో పడింది.

నీళ్ళు ఆవిరైపోతూ తమలోని మట్టినీ సున్నాన్నీ బాయిలరు అడుగున వదిలేసి పోతాయి. రోజూ పొద్దున్నే ఆ మడ్డిని బయటికి వదలాలి. వదలకపోతే గొట్టాల మీద పొర కడుతుంది. పైకేమీ తెలియదు. మంట మండుతూనే ఉంటుంది, ప్రెషరు ముల్లు చూపించాల్సిన అంకె చూపిస్తూనే ఉంటుంది. లోపల ఇనుము మాత్రం కొద్దికొద్దిగా కాలిపోతుంటుంది.

అది గుడ్డలకు రంగులద్దే మిల్లు. రంగుగదిలోని తొట్లకు కావలసిన వేడి అంతా ఈ గదిలోంచే గొట్టాల్లో ఆవిరిగా వెళుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఆవిరిని పంపేవాడు అతనే. పొట్టి మనిషి. భుజాలు చెవుల దగ్గరికి వచ్చి ఆగినట్టుంటాయి. ఎడమ కనుబొమ్మ ఎప్పుడో కొలిమి తలుపు తీసినప్పుడు కాలిపోయింది, మళ్ళీ మొలవలేదు. అందుకని ఆ మొహంలో సగం ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు ఉంటుంది, మిగతా సగం అడగనివ్వదు. రంగుగది ఆడవాళ్ళు అతనికి ఆవిరాయన అని పేరు పెట్టారు. బాయిలరులోంచి ఆవిరి రావడం తేలిక గానీ ఆయన నోట్లోంచి మాట రావడం తేలిక కాదని వాళ్ళ వేళాకోళం.

నిచ్చెన ఎక్కి సేఫ్టీ వాల్వు పిడి లాగాడు. కప్పు మీది గొట్టంలోంచి ఆవిరి చెవులు పగిలేలా కేక పెట్టింది. ఆ కేక లేస్తుందని తెలిసి లాగినవాడే ఉలిక్కిపడి ఒక మెట్టు కిందికి జారాడు. వాల్వు కొత్తది. దాని ఇత్తడి ఇంకా మెరుస్తోంది. పదమూడు రోజుల కిందటి దాకా అక్కడ ఉన్నది పాతది.

దిగి, చేతులు తుడుచుకుని, రికార్డరు తలుపు తెరిచాడు. గోడగడియారమంత ఇనప పెట్టె అది. లోపల పళ్ళెమంత గుండ్రటి కాగితం రోజుకొక చుట్టు తిరుగుతుంది. దాని మీద ఊదారంగు సిరా ముల్లు ప్రెషరును గీస్తూ పోతుంది. ప్రెషరు పెరిగితే గీత అంచు వైపు జరుగుతుంది, తగ్గితే నడిమికి జరుగుతుంది. పొద్దున ఆరింటికి పాత చార్టు తీసి కొత్తది తగిలించడం మొదటి షిఫ్టు వాడి పని. మొదటి షిఫ్టు ఎప్పుడూ అతనిదే.

తీసిన చార్టులు ఆఫీసులో ఇవ్వాలని రూలు. మొదట్లో రోజూ తీసుకెళ్ళి ఇచ్చేవాడు. గుమాస్తా వాటిని బీరువా మీద పడేసేవాడు. ఒకనాడు గుమాస్తాకు విసుగొచ్చింది. రోజూ ఈ చక్రాలు దొర్లించుకుని వస్తావేమయ్యా, నాకు కూర్చోవడానికే చోటు లేదు, అక్కడే ఎక్కడైనా పారెయ్యమన్నాడు. ఆవిరాయనకు పారెయ్యబుద్ధి కాలేదు. ఒకవైపు గీతలున్నా రెండోవైపు తెల్లగా ఉంది. తెల్లకాగితం పారేస్తే అతని చిన్నప్పటి పల్లె బడిలో పంతులు చెవి మెలేసేవాడు. అందుకని ఒక రేకు డబ్బాలో దాచడం మొదలుపెట్టాడు. ఎందుకని దాస్తున్నాడో అప్పటికి అతనికీ తెలియదు.

తెలిసింది తమ్ముడు పోయాక. ఇల్లు పంచుకునేటప్పుడు నడిమి గోడ దగ్గర మాటా మాటా అనుకుని అన్నదమ్ములిద్దరూ పదకొండేళ్ళు పలకరించుకోలేదు. తమ్ముడికి జబ్బని తెలిసిన దగ్గర్నుంచి వెళ్ళాలి, వెళ్ళి ఒక మాట అనాలి అనుకుంటూనే ఉన్నాడు. ఏ మాటో తేలేలోపు కబురు వచ్చేసింది. అనని మాటలన్నీ ఆ తరవాత తలలో తిరగడం మొదలుపెట్టాయి. నిద్ర పట్టడం మానేసింది. బాయిలరులో నీటిమట్టం చూపించే గేజి గ్లాసు చూసేవాడు, చూసింది మరిచిపోయి మళ్ళీ చూసేవాడు. మిల్లు ఆసుపత్రికి వెళితే నర్సమ్మ బిళ్ళలివ్వలేదు. తలలో ఏముందో కాగితం మీద పెట్టమంది. పెట్టి పక్కకు జరగమంది.

"నాకు రాయడం రాదమ్మా."

"బడికెళ్ళలేదా?"

"అయిదు దాకా."

"అయిదు చాలు. మీ తలేమన్నా ఎమ్మే చదివిందా?"

ఆ రోజే డబ్బా తెరిచాడు. కాగితం పలుచన. ముందువైపు అచ్చయిన వృత్తాలు వెనక్కి లేతగా కనిపిస్తుంటాయి. వాటినే గీతలనుకుని అంచు దగ్గర మొదలుపెట్టాడు. రాస్తూ కాగితాన్ని తిప్పుతూ, ఒక చుట్టు అయ్యాక లోపలి చుట్టులోకి దిగుతూ, నడిమి కన్నం దగ్గరికి వచ్చేసరికి తమ్ముడితో అనాల్సిందంతా అయిపోయింది. ఆ రాత్రి గుర్రు పెట్టి నిద్రపోయాడని భార్య మర్నాడు వీధంతా చెప్పుకుంది.

అప్పట్నుంచి ఏడేళ్ళు. షిఫ్టు దిగే ముందు పావుగంట. ఈరోజు కూరలో ఉప్పెక్కువైంది, ఆమెతో చెప్పలేదు. ఫీడ్ పంపు దగ్గుతోంది. నేను నవ్వాల్సిన చోట నవ్వలేదు, గుమాస్తా నొచ్చుకున్నాడేమో. ఇట్లాంటివే. రాసింది మళ్ళీ చదవడు. డబ్బా నిండితే ఇంటికి తీసుకెళ్ళి అటక మీద పెడతాడు. భార్య ఆ డబ్బాకు నా సవతి అని పేరు పెట్టింది. నాతో ఆడని మాటలన్నీ దాంతోనే ఆడతారు, పోనీలే, అది మళ్ళీ ఎదురు చెప్పదు అంటుంది. ఎప్పుడూ మూత తియ్యలేదు.

ఈ పొద్దున మాత్రం ఆమె అన్నం డబ్బా సంచిలో పెడుతూ చెయ్యి ఆపింది. సంచి అడుగున కొత్త జిగురు సీసా ఉంది. పక్కన గుండ్రంగా కత్తిరించిన అట్టముక్క.

"ఇదేంటండీ, ముసలితనంలో మళ్ళీ బడికెళ్తున్నారా?"

"కాగితం అంటించాలి."

"చిరిగిందా?"

అతను చెప్పులు వేసుకున్నాడు. ఆమె అన్నం డబ్బాను సీసా మీద బరువు పడకుండా పక్కకు జరిపి పెట్టింది.

చిరగలేదు. ఆ కాగితం రేకు డబ్బాలో అన్నిటికన్నా అడుగున, పదమూడు రోజుల కిందటి తారీఖుతో, ఒక్క మడత కూడా లేకుండా ఉంది.

ఆ రోజు రెండో షిఫ్టులో ఉన్నది ఈల. నలభై ఏళ్ళవాడు, ముందుపళ్ళ సందులోంచి ఎప్పుడూ ఈల వేస్తుంటాడు కాబట్టి ఆ పేరు. సాయంత్రం అయిదింటికి రంగుగదిలో తొట్ల వాల్వులన్నీ ఒకేసారి మూసేశారు. వాడేవాళ్ళు లేని ఆవిరి బాయిలరులో ఎగదన్నింది. ఈల పరిగెత్తి బర్నరు ఆపాడు. సేఫ్టీ వాల్వు తనంతట తను లేచి మిగిలిన ఆవిరిని వదిలెయ్యాలి. లేవలేదు. రంగుగదిలో గొట్టం అతుకు ఊడి, పక్కనే నిలబడ్డ పెద్దక్క కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. మిల్లులో అందరికన్నా పాత మనిషి కాబట్టి ఆమె అందరికీ పెద్దక్కే.

ఈల నిద్రపోయాడు, గంటసేపు ప్రెషరు చూసుకోలేదు అన్నారు. పని ఆపేసి ఇంట్లో కూర్చోబెట్టారు. పైగా ఆ రోజు చార్టు కూడా దొరకలేదన్నారు.

ఆ మాట విన్నప్పుడు గానీ ఆవిరాయనకు వెలగలేదు. ప్రమాదం జరిగిన మర్నాడు పొద్దున అలవాటు ప్రకారం ఆ చార్టు తీసినవాడు అతనే. ఏడేళ్ళుగా చేస్తున్న పనే కాబట్టి దాన్ని బోర్లించి వెనకవైపు రాసుకున్నవాడూ అతనే. అది సాక్ష్యమని ఆ క్షణాన తోచలేదు. అతని లెక్కలో చార్టంటే తన తెల్లకాగితం. డబ్బాలోంచి తీసి ముందువైపు చూసుకున్నాడు. అయిదు గంటల దగ్గర గీత గోడలాగా నిటారుగా లేచింది. నాలుగు నిమిషాలు. ఆ వెంటనే కిందికి తిరిగింది. నిద్రపోయినవాడి గీత అలా ఉండదు, గంటసేపు మెల్లగా పాకుతుంది. ఈల మంట ఆపాడని ఆ ఊదాగీత ఎవరికైనా చెబుతుంది.

వెనకవైపు ఉన్నది వేరు. సేఫ్టీ వాల్వు బిగుసుకుని పట్టేసిందని అంతకు తొమ్మిది రోజుల ముందే తనకు తెలుసని బాల్‌పెన్నుతో నొక్కి నొక్కి రాసి ఉంది. తెలిసి రిజిస్టర్లో రాయకపోతే బాయిలరు నడిపే సర్టిఫికెట్ తీసేస్తారు. రిటైరు కావడానికి ఎనిమిది నెలలు. సర్టిఫికెట్ లేకపోతే మిల్లు ఇచ్చిన ఇల్లు ఉండదు, ఇరవై రెండేళ్ళూ ఉండవు.

ఈరోజు మూడింటికి విచారణ. వెనకవైపు అట్ట అంటిస్తే ముందువైపు మాత్రమే మిగులుతుంది.

తొమ్మిదింటికి సూపర్‌వైజరు వచ్చాడు. తాళంచెవుల రింగును వేలు చుట్టూ తిప్పుతూ గేజి గ్లాసు చూశాడు, రిజిస్టరు పేజీ తిప్పాడు, కిటికీ బయటికి చూశాడు. అతనికి కావలసింది వీటిలో ఏదీ కాదని ఆవిరాయనకు తెలుసు.

"మేస్త్రీ, మూడింటికి మీరేం మాట్లాడక్కర్లేదు. మీకది కష్టం కూడాను. చార్టుందా అని అడుగుతారు, లేదనండి. నిజమేగా? ఆఫీసంతా వెతికించాను."

ఆవిరాయన బాయిలరులోకి నీళ్ళు తోసే ఫీడ్ పంపు మీద చెయ్యి పెట్టి దాని వేడి చూస్తున్నాడు.

"ఎనిమిది నెలలే కదా. హాయిగా చేతులు దులుపుకుని వెళ్ళిపోండి." వెళ్ళబోతూ బల్ల దగ్గర ఆగాడు. తాళంచెవితో రేకు డబ్బా మీద కొట్టాడు. "ఇదేంటి?"

"అన్నం."

"అదో?" సంచిలోంచి కనిపిస్తున్న అసలు అన్నం డబ్బా చూపించాడు. "అదీ అన్నమేనా?"

"ఆకలెక్కువ."

సూపర్‌వైజరు నవ్వాడు. నవ్వు అయిపోయాక కూడా చూపు డబ్బా మీదే ఉంది. తరవాత రింగు తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిరాయన చేతిని పంపు మీంచి తియ్యడం మరిచాడు. అరచెయ్యి చురుక్కుమన్నాక తీశాడు.

పదకొండింటికి కిటికీ అవతల ఎవరో దగ్గారు. సందులో కుళాయి దగ్గర ఈల నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మడత నలగకుండా చేతులు కొంచెం ఎడంగా పెట్టుకున్నాడు. లోపలికి రావడానికి అతనికి అనుమతి లేదు. మూడింటి విచారణకు పదకొండింటికే వచ్చేశాడు. ఇంట్లో ఉండలేకపోయాడట. భార్య ఏమీ అనడంలేదట, ఆ అనకపోవడమే భరించలేకపోతున్నాడట. ఇంకో మిల్లులో పని దొరక్కపోదు గానీ నిద్రపోయాడని కాగితం మీద పడ్డాక ఏ మిల్లువాడు బాయిలరు చేతికిస్తాడన్నాడు. ఇవన్నీ కుళాయితో చెబుతున్నట్టు చెప్పి, తలెత్తాడు.

"నిన్న బస్సులో పెద్దక్క వాళ్ళాయన ఎక్కాడన్నా. నా పక్కన సీటు ఖాళీగా ఉంది. ఆఖరి స్టాపు దాకా నిలబడే వచ్చాడు."

ఆవిరాయన కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

"నేను నిద్రపోలేదన్నా."

"తెలుసు."

"నీకెట్లా తెలుసు? నువ్వప్పుడు లేవుగా."

చువ్వ మీది తుప్పు వేలికి అంటింది. దాన్ని బొటనవేలితో రుద్దుకున్నాడు. మాట గొంతు దాకా వచ్చింది. తమ్ముడి వాకిలి దాకా వెళ్ళి తిరిగొచ్చేసిన ఒక సాయంత్రం లాగా, అక్కడే నిలబడి తిరిగిపోయింది.

"నీళ్ళు తాగు. ఎండగా ఉంది" అన్నాడు.

 ఈల కుళాయి తిప్పి, తాగకుండానే కట్టేసి, గేటు వైపు నడిచాడు. ఈల వెయ్యలేదు. వేయక పదమూడు రోజులైంది.

పన్నెండు కాకముందే ఆవిరాయన తలుపు గడియ పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఆ గడియ పెట్టింది లేదు. బిగుసుకుపోయి ఉంటే సుత్తితో కొట్టాల్సి వచ్చింది. బల్ల మీద పాత పేపరు పరిచి, డబ్బా అడుగు నుంచి ఆ చార్టు తీసి బోర్లించాడు. తన అక్షరాలు చుట్టలు చుట్టలుగా లోపలికి దిగిపోతూ కనిపించాయి. చదవలేదు. అట్టముక్కను దాని మీద పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. రాత్రి భార్య నిద్రపోయాక పళ్ళెం బోర్లించి గీసుకున్న కొలత అది. సీసా తీశాడు. మూత చుట్టూ కాగితం సీలు ఉంది. గోరు దాని కిందికి దూర్చాడు.

అంటించి ఇస్తే ఏమంటారు? అట్ట ఎందుకంటారా? పలుచటి కాగితం, పాడవకుండా అంటించాను అనొచ్చు. ఎక్కడ దొరికిందంటారా? రికార్డరు వెనక పడి ఉందనొచ్చు. ఇన్ని రోజులూ ఎందుకు ఇవ్వలేదంటే? ఇవాళే కనపడిందనొచ్చు. ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఇవాళే కనపడితే ఇవాళే అట్ట ఎక్కడ్నుంచి వచ్చింది? గుండ్రంగా ఎప్పుడు కత్తిరించావు? మళ్ళీ మొదటికి వచ్చాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

ఎంతసేపు అలా ఉన్నాడో తెలియదు. గది రొదలో ఏదో తగ్గిందనిపించింది. ఏం తగ్గిందో చెవికి అందలేదు. తలెత్తేసరికి గేజి గ్లాసులో నీళ్ళు లేవు.

ఉన్నాయి, అడుగు గీతకు వేలెడు దూరంలో వణుకుతున్నాయి. ఫీడ్ పంపు గాలి పట్టి ఆగిపోయి ఉంది. కుర్చీ వెనక్కి పడింది. అతని చేతులు అతనికన్నా ముందు వెళ్ళాయి. బర్నరు ఆపాడు. పంపు నెత్తిన ఉన్న చిన్న కుళాయి తిప్పి గాలి వదిలాడు. వేడినీళ్ళు మణికట్టు మీద చిమ్మాయి. మళ్ళీ స్విచ్చి వేశాడు. పంపు రెండుసార్లు దగ్గి అందుకుంది. గ్లాసు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళు దారమంత, వేలంత, జానెడంత పైకి పాకేదాకా కన్నార్పకుండా చూశాడు.

ఇంకో మూడు నిమిషాలు తల వంచుకుని ఉంటే గొట్టాలు ఎర్రగా కాలిపోయేవి. గడియ పెట్టిన గది. గోడ అవతల రంగుగదిలో నలభై మంది.

అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. మణికట్టు పొక్కుతోంది. తలలో ఉన్నదాన్ని పన్నెండు రోజులుగా ఏ కాగితం మీదా పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున రాసిన తరవాత ఏ చార్టు వెనకా పెన్ను పెట్టలేదు. భయం.

లేచాడు. గడియ తీసి తలుపు బార్లా తెరిచాడు. గాలి పట్టిన సంగతీ నీళ్ళు ఎంతవరకు దిగిందీ టైముతో సహా రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాడు. బర్నరు వెలిగించి, పొద్దున తీసిన నిన్నటి చార్టును బోర్లించాడు. గ్లాసు కనిపించేలా కుర్చీ తిప్పుకుని అంచు దగ్గర మొదలుపెట్టాడు.

అంటిస్తే ఈల బయటపడతాడు. నేను బయటపడతాను. సూపర్‌వైజరు కూడా బయటపడతాడు. అతుకు తనంతట తనే ఊడిందంటారు. ఇంకో వాల్వు పట్టేస్తుంది. ఇంకొకడు వచ్చే నెల చూద్దామంటాడు. ఇంకొకడు సరే అంటాడు. పెద్దక్క కుడిచేత్తో అన్నం తినలేకపోతోంది.

మూడు చుట్లు కూడా పూర్తికాలేదు. ఇంకేం రాయాలా అని పెన్ను పట్టుకుని చూశాడు. ఏమీ లేదు. లోపల బోలెడంత కాగితం తెల్లగా మిగిలిపోయింది. ఇంత తొందరగా అయిపోవడం ఇదే మొదటిసారి.

బల్ల మీద అడ్డంగా ఉన్న సీసాను తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. అన్నం డబ్బా మూత తీశాడు. తిన్నాడు.

రెండింటికి, ఈల బదులు తాత్కాలికంగా వస్తున్న మనిషికి గది అప్పగించాడు. పంపు సంగతి చెప్పాడు, కనిపెట్టి ఉండమన్నాడు. మూడింటికి అయిదు నిమిషాల ముందు మేనేజరు గది మెట్లెక్కాడు, చంకలో రేకు డబ్బాతో.

ప్రభుత్వం పంపిన బాయిలర్ల ఇన్‌స్పెక్టరు యాభై ఏళ్ళ ఆవిడ, కళ్ళజోడు మెడలో గొలుసుకు వేలాడుతోంది. ఆమెకు ఒక పక్క మేనేజరు, ఇంకో పక్క సూపర్‌వైజరు. ఎదురుగా ఈల నిలబడి ఉన్నాడు. తలుపు దగ్గర కుర్చీలో పెద్దక్క. కుడిచెయ్యి తెల్లటి కట్టుతో ఒళ్ళో పెట్టుకుని ఉంది, ఎవరిదో బిడ్డను ఎత్తుకున్నట్టు.

మొదట సూపర్‌వైజరు మాట్లాడాడు. తడుముకోకుండా మాట్లాడాడు. నిద్ర, నిర్లక్ష్యం, చార్టు లేకపోవడం. ఈల ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు. నేను మంట ఆపానండి. ఆపినట్టు రుజువేమిటని ఇన్‌స్పెక్టరు అడిగింది. అతను చొక్కా అంచు లాక్కున్నాడు.

"ఆ రోజు చార్టు లేదంటున్నారు. పొద్దున చార్టులు మార్చేది ఎవరు?"

ఆవిరాయన ముందుకు వచ్చాడు. డబ్బా మూత బిగుసుకుంది. పొట్టకు ఆనించుకుని లాగాడు. అది టంగుమని నేల మీద పడి దొర్లుతూ పోయి సూపర్‌వైజరు కుర్చీకి తగిలి ఆగింది. ఎవరూ వంగి తియ్యలేదు. అడుగు నుంచి ఆ కాగితం తీసి, ముందువైపు పైకి ఉండేలా ఆమె ముందు పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు పెట్టుకుంది. అయిదు గంటల దగ్గర వేలు ఆపింది. గీత వెంట పైకి, కిందికి వేలు నడిపింది. ఈల వైపు చూసింది.

"నాలుగు నిమిషాలు" అంది. "నిద్రపోయినవాడు నాలుగు నిమిషాల్లో మంట ఆపడు."

ఈల గోడకు ఆనుకున్నాడు.

"సరే మేడం, దొరికింది కదా, ఫైల్లో పెట్టించేస్తాను" అంటూ సూపర్‌వైజరు చెయ్యి చాపాడు. ఆమె కాగితం ఇవ్వబోయింది. ఇస్తూ, అవతలివైపు నుంచి కనిపిస్తున్న రాత చూసి తిప్పింది.

 ఆమె మొదట తల వంచి చదవబోయింది, కుదరలేదు. కాగితాన్నే తిప్పడం మొదలుపెట్టింది. పెదవులు కదలకుండా, మెల్లగా, రెండు చేతులతో తిప్పుతూ చదివింది. అందరూ ఆ తిరిగే కాగితాన్నే చూస్తున్నారు. ఆవిరాయన తన మణికట్టు మీది పొక్కును చూసుకుంటున్నాడు. ఎన్నో చుట్టులో ఉందో ఆమె చేతుల కదలికను బట్టే అతనికి తెలుస్తోంది. ఏడేళ్ళలో ఆ రాత ఇంకొకరి కంట పడడం ఇదే మొదలు.

నడిమి కన్నం దాకా వచ్చాక ఆమె మళ్ళీ అంచుకు వెళ్ళింది. ఈసారి పైకి చదివింది.

"నిన్న పెద్దక్క చెయ్యి కాలింది. సేఫ్టీ వాల్వు లేవలేదు. లేవదని నాకు తెలుసు. తొమ్మిది రోజుల కిందట పిడి లాగితే పట్టేసింది. సూపర్‌వైజరుకు చెప్పాను. రిజిస్టర్లో రాస్తే ఈ రోజే బాయిలరు ఆపాలి, వచ్చే నెల చూద్దామన్నాడు. సరే అన్నాను. రిజిస్టర్లో రాయలేదు. చార్టు వెనక రాసుకున్నాను. రాశాక తల తేలికైంది. నిద్ర పట్టింది. తొమ్మిది రాత్రులూ పట్టింది. పట్టకపోయి ఉంటే రెండోసారి చెప్పేవాణ్ణి."

 తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది.

"ఆ తొమ్మిది రోజులూ నేను ఆ గొట్టం పక్కనే నిలబడ్డాను కదండీ" అంది పెద్దక్క. అరిచి అనలేదు. నిజంగానే అడిగినట్టు అంది.

ఆవిరాయన ఆమె వైపు తిరిగాడు. ఆమె మొహం చూశాడు, కట్టు చూశాడు.

"అవునమ్మా" అన్నాడు.

ఆ తరవాత జరిగిందంతా గొంతులు పెరగకుండానే జరిగింది. ఈల ఈ పూట నుంచే పనిలోకి రావచ్చంది ఇన్‌స్పెక్టరు. సూపర్‌వైజరును అక్కడే ఉండమంది. నిర్ణయం వచ్చేదాకా ఆవిరాయన బాయిలరు ముట్టుకోకూడదని, సర్టిఫికెట్ తెచ్చి ఇవ్వమని అంది. చెప్పి, కాగితాన్ని మడవబోయి, మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టింది.

ఈల అతని వెనకే బాయిలరు గది దాకా వచ్చాడు. తాత్కాలికపు మనిషి సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆవిరాయన స్టూలెక్కి గోడ మీది సర్టిఫికెట్ ఫ్రేము దించాడు. వెనక గోడ అంతమేర పాత సున్నం రంగులో తెల్లగా ఉంది.

"పదమూడు రోజులన్నా" అన్నాడు ఈల.  "నీ దగ్గర పెట్టుకుని..."

"అవును."

"పొద్దున కూడా. కిటికీ దగ్గర."

"అవును."

ఈల ఇంకేదో అనబోయాడు. అతని చూపు గేజి గ్లాసు మీదికి పోయింది. నీళ్ళు ఎక్కడున్నాయో చూసుకున్నాడు.  నిచ్చెన దగ్గరికెళ్ళి కొత్త వాల్వును కింద నుంచి పరీక్షగా చూశాడు.

ఆవిరాయన ఫ్రేమును గుడ్డతో తుడిచి చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"పంపు గాలి పడుతోంది. రాసిపెట్టాను, రిజిస్టర్లో" అన్నాడు. ఒక్క క్షణం ఉండి, "ఇంకేదన్నా పట్టేసినా అందులోనే రాయి" అన్నాడు.

చెప్పులు సందులో నాలుగడుగులు వినిపించి మిల్లు రొదలో కలిసిపోయాయి.

ఈల రీడింగులు తీశాడు, రిజిస్టర్లో వేశాడు. గాలి కోసం కిటికీ రెక్క తోస్తే ఏదో అడ్డు తగిలింది. జిగురు సీసా. ఎవరిదో అర్థం కాలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ గట్టు మీదే, రెక్క తగలకుండా మూలకు జరిపి పెట్టాడు. సీలు మీద ఒక పక్క గోటి నొక్కు ఉంది, అంతే, విప్పలేదు. లోపల చిక్కటి జిగురులో ఒక్క గాలిబుడగ, ఫీడ్ పంపు అందుకున్నప్పుడల్లా వణుకుతూ, ఎటూ కదలకుండా ఉంది.